ఏలీ దగ్గరికి పరుగెత్తే సమూయేలులు: దేవునితో వ్యక్తిగత సహవాసం



మిరప కోతల కాలం వచ్చిందంటే ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారపు ఆరాధన పలచబడుతుంది. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను చుట్టుపక్కల వాళ్లకు అప్పగించి, మేస్త్రీ మాట్లాడిన బండిలో కుటుంబాలు గుంటూరు వైపు చేలకు వెళ్తాయి. ఆదోని, కోసిగి వైపు దీన్నే సుగ్గికి పోవడం అంటారు. రెండు మూడు నెలలు పట్ట కప్పిన గుడిసెలే ఇళ్లు. అక్కడ గుడి గంట ఉండదు, సంఘకాపరి ఉండడు, తెలిసిన పాట పాడే పొరుగువాళ్లు ఉండకపోవచ్చు.

అలా వెళ్లిన ఒక సహోదరి కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి మాకు ఫోన్ చేసింది. "అయ్యగారూ, బిడ్డకు జరం ఇడుస్తా లేదు. మీరు పార్థన సేయండయ్యా." ఫోన్‌లోనే ప్రార్థన చేశాము. తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాము. తర్వాత అడిగాము: "అమ్మా, నువ్వు ప్రార్థన చేసుకున్నావా?"

"నాకేం తెలుసయ్యా? నేను సేస్తే దేవుడు ఇంటాడా? మీరు సేస్తే గదా ఇనేది."

ఆమె బాప్తిస్మం తీసుకుని అప్పటికి పందొమ్మిదేళ్లు. ఆదివారం తప్పిన మనిషి కాదు. ఉపవాస ప్రార్థనలకు ముందు వచ్చి చాప పరిచేది ఆమే. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆమె అవిశ్వాసానికి కాదు, మా పరిచర్యకు. పందొమ్మిదేళ్లలో ఆమెకు పాటలు నేర్పాము, కానుక వేయడం నేర్పాము, మా దగ్గరికి రావడం నేర్పాము. తండ్రి దగ్గరికి తానే వెళ్లవచ్చని మాత్రం నేర్పలేకపోయాము.

దేవునితో వ్యక్తిగత సంబంధం గురించి ఈ వారం రాయడానికి కారణం ఆ ఫోనే.

వ్యక్తిగత సంబంధం అంటే ఏమిటి?

ఈ మాట మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది, అర్థం మాత్రం మసకగా ఉంటుంది. కొందరికి అది ఒక అనుభూతి. కొందరికి దర్శనం, స్వరం, కన్నీళ్లు. మరికొందరికి ప్రతి ఉదయం ఫోన్‌కు వచ్చే వాగ్దాన వచనం. ఇవి వచ్చినా రాకపోయినా, పరిశుద్ధ గ్రంథం దృష్టిలో సంబంధం అంటే ఎరుగుట. నిత్యజీవం అంటే అద్వితీయ సత్యదేవుణ్ణి, ఆయన పంపిన యేసుక్రీస్తును ఎరుగుటే అని ప్రభువు తన ప్రార్థనలో నిర్వచించాడు (యోహాను 17:3).

పాత నిబంధనలో ఎరుగుటకు వాడిన హెబ్రీ మాట 'యాదా'. ఒక విషయం తెలియడానికీ ఆ మాటే, ఆదాము హవ్వను ఎరిగాడని చెప్పడానికీ ఆ మాటే (ఆదికాండము 4:1). అంటే ఒకరి గురించి సమాచారం తెలియడం దగ్గర అది ఆగదు. కలిసి బ్రతకడం వల్ల కలిగే తెలివి అది. ఊరి సర్పంచి గురించి మనకు చాలా తెలుసు. అయినా అర్ధరాత్రి కష్టం వస్తే తలుపు తట్టేది మనల్ని ఎరిగిన మనిషి ఇంటినే. దేవుని గురించి మనకు చాలా తెలుసు. ఆయన తలుపు తట్టే చనువు ఉందా అన్నదే ప్రశ్న.

మందసం పక్కన పడుకున్నా ఎరుగని బాలుడు

ఈ ప్రశ్నకు లేఖనంలో తగిన పాఠం 1 సమూయేలు 3వ అధ్యాయం. మనం పిల్లలకు చెప్పే కథే అయినా పెద్దలు మళ్లీ చదవవలసిన అధ్యాయం ఇది.

సమూయేలు అప్పటికే షిలోహులో యెహోవాకు పరిచర్య చేస్తున్నాడు. దేవుని మందసం ఉన్న మందిరంలోనే పడుకుంటున్నాడు. మొక్కుబడి బిడ్డ, ప్రార్థనకు జవాబుగా పుట్టిన బిడ్డ. ఇంతకంటే భక్తిగల పెంపకం ఎక్కడ దొరుకుతుంది? అయినా అతడు అప్పటికి ఇంకా యెహోవాను ఎరుగలేదని 7వ వచనం నిర్మొహమాటంగా చెబుతుంది. ఇదే 'యాదా' అనే క్రియను ముందటి అధ్యాయంలో ఏలీ కుమారుల గురించి కూడా గ్రంథకర్త వాడాడు (2:12). వారు యాజకులు, బలిపీఠం దగ్గర పని చేసేవారు, అయినా యెహోవాను ఎరుగనివారు. మందిరంలో ఉండడం వేరు, మందిర దేవుణ్ణి ఎరుగుట వేరు అన్నది ఈ రెండు వచనాల సాక్ష్యం. తేడా ఒక్కటే. ఏలీ కుమారులకు ఎరుగవలసిన అవసరమే కనబడలేదు. సమూయేలుకు మాత్రం ఇంకా ఎవరూ నేర్పలేదు.

రాత్రి పిలుపు వచ్చింది. పిలిచింది దేవుడు. బాలుడు పరుగెత్తింది ఏలీ దగ్గరికి. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎందుకంటే అతనికి తెలిసిన స్వరం ఏలీది ఒక్కటే. ఇందులో సమూయేలు తప్పేమీ లేదు, అది విధేయతే. మన సహోదరి ఫోన్ చేయడంలో కూడా తప్పు లేదు.

ఇక్కడ ఏలీ చేసిన పని గమనించాలి. అతనిలో లోపాలు చాలా ఉన్నాయి. కుమారులను అదుపు చేయలేదు, చూపు మందగించింది. అయినా ఆ రాత్రి అతడు ఒక గొప్ప పరిచర్య చేశాడు. పిలిచేది దేవుడని గ్రహించగానే, "నా దగ్గర కూర్చో, ఆయన ఏమంటున్నాడో నేను విని చెబుతాను" అనలేదు. నీ చోటికి వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే ఇలా జవాబివ్వు అని నేర్పి వెనక్కి పంపాడు. మాటలు అందించాడు, పక్కకు తప్పుకున్నాడు. నాలుగోసారి పిలుపు వచ్చినప్పుడు సమూయేలు ఏలీ దగ్గరికి పోలేదు.

సంఘకాపరి పని ఇదే అని మేము నమ్ముతున్నాము. దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తు యేసు (1 తిమోతి 2:5). ఆ స్థానంలో ఖాళీ లేదు. అయితే మన దగ్గర ఏం జరుగుతోంది? ప్రార్థన మనవుల చీటీలు, ప్రార్థించిన నూనె సీసాలు, 'దైవజనుని' చేతి స్పర్శ కోసం వరుసలు. రోగుల కొరకు సంఘపెద్దలు ప్రార్థించాలని యాకోబు పత్రిక చెబుతుంది (5:14), దాన్ని మేము తక్కువ చేయడం లేదు. అదే పత్రిక రెండు వచనాల తర్వాత, ఒకరి కొరకు ఒకరు ప్రార్థించండని విశ్వాసులందరితో చెబుతుంది. మొదటి మాట పట్టుకుని రెండవది వదిలేశాము. నిజం ఒప్పుకోవాలంటే, జనం మా దగ్గరికి పరుగెత్తి రావడం మాకూ బాగానే ఉంది.

గుంపుగా వచ్చిన విశ్వాసం, ఒక్కొక్కరిదిగా మారవలసిన విశ్వాసం

దీనికి మన చరిత్రలో ఒక కారణం ఉంది. తెలుగు నేలపై సువార్త చాలా చోట్ల ఒక్కొక్కరికి కాదు, పాలేనికి పాలెంగా వచ్చింది. 1822 నుండి కడపలో లండన్ మిషన్, తర్వాత నంద్యాల, ముత్యాలపాడు వైపు ఎస్.పి.జి. మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పని చేశారు. ఈ ఉద్యమాలన్నిటిలో పేరుపొందింది నల్లమలకు తూర్పున ఉన్న ఒంగోలుది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో మొదలైన సంఘం అది. 1876-78 కరువు మన రాయలసీమనూ ఆ ప్రాంతాన్నీ కలిపి కుదిపేసింది. కూటి కోసం చేరుతున్నారనే అపవాదు రాకూడదని మిషనరీ జాన్ క్లౌ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపివేశారు. కరువు సడలిన తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

గుంపుగా రావడం దేవుని కృపే. ఊరి పెద్దలకు భయపడి ఒంటరిగా నిలువలేని బీదలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వచ్చారు. అయితే ఆ గుంపుకు ముందు ఒక మనిషి ఉన్నాడని మరచిపోకూడదు. ఆయన యెర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రీస్తును గూర్చి వినకముందే దేవుణ్ణి వెదికినవాడు, యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. తోళ్ల బేరానికి ఉత్తరంగా వెళ్లినప్పుడు ఏలూరు వైపు సువార్త విన్నాడు. తాను వెదికిన దేవుడు ఈయనే అని గుర్తించాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. అప్పుడు ఆయన ఊరిలో సంఘం లేదు, కాపరి లేడు. బాప్తిస్మం తీసుకుని ఆ ఊరికే తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడాది ఆరంభంలో క్లౌ అక్కడికి వెళ్లేసరికి, ఆ దంపతుల సాక్ష్యం వల్ల సిద్ధపడిన జనం ఎదురు చూస్తున్నారు.

ఎవరూ లేని చోట పేరయ్యను నిలబెట్టింది ఏమిటి? తనకూ తన దేవునికీ మధ్య ఉన్న సంబంధమే. మిరప చేలో గుడిసె వేసుకున్న మన సహోదరికి కావలసింది కూడా అదే.

మనలో చాలామందిమి ఆ గుంపుల మనవళ్లం, మునిమనవళ్లం. తాత పేరున ఉన్న పొలం పట్టా మన పేరుకు మారవచ్చు. విశ్వాసం అలా మారదు. ప్రతి తరం, ప్రతి మనిషి స్వయంగా పిలుపు విని జవాబివ్వవలసిందే.

పుస్తకం తెరచి మోకరించిన యువకుడు

తెలుగు క్రైస్తవులకు ఎంతో దగ్గరైన మరొక ఉదాహరణ సహోదరుడు భక్తసింగ్. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజినీరింగ్ చదువు కోసం ఇంగ్లండుకు, అక్కడి నుండి కెనడాకు వెళ్లారు. 1929 చివరలో విన్నిపెగ్ నగరంలో ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగి క్రొత్త నిబంధన తీసుకుని చదవడం మొదలుపెట్టారు. ఆ పఠనంలోనే ప్రభువు ఆయనను పట్టుకున్నాడు. 1932లో వాంకూవరులో బాప్తిస్మం పొంది, 1933లో భారతదేశానికి తిరిగి వచ్చారు. ఆయన విశ్వాసాన్ని రహస్యంగా ఉంచుకోమని తల్లిదండ్రులు కోరారు. ఆయన ఒప్పుకోలేదు, ఇల్లు దూరమైంది. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, 1950లో హైదరాబాదులో హెబ్రోను ఆయన పరిచర్యలో మొదలయ్యాయి. 2000 సెప్టెంబరు 17న ప్రభువునందు నిద్రించారు.

ఆయన సభలకు వచ్చిన వేలాది జనం గురించి అందరూ చెబుతారు. ఆ వేలకు వెనుక ఉన్నది మోకాళ్ల మీద బైబిలు చదివే అలవాటు. మరొక సంగతి కూడా గమనించాలి. ఆ సహవాసాల ఆరాధనలో ఒక్క బోధకుడే ప్రార్థించి ముగించడు. సామాన్య విశ్వాసులు ఒకరి తర్వాత ఒకరు లేచి స్తుతి చెల్లిస్తారు. ఇంట్లో దేవునితో మాట్లాడని మనిషి అక్కడ లేచి మాట్లాడలేడు. సంఘారాధన అలా ఇంటి ప్రార్థనకు పరీక్ష అవుతుంది. మన శాఖ ఏదైనా, ఈ ఒక్క సంగతి నేర్చుకోదగినది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

"ప్రార్థనకు కూర్చుంటే అయిదు నిమిషాల్లో మాటలు అయిపోతాయి" అని మా పాఠకులు తరచుగా అంటారు. బ్రిస్టల్ నగరంలో అనాథ శరణాలయాలు నడిపిన జార్జి ముల్లర్‌కు (1805-1898) కూడా ఈ ఇబ్బంది ఉండేది. చాలా ఏళ్లు లేవగానే ప్రార్థన మొదలుపెట్టి, మనసు కుదుటపడడానికే ఎంతో సేపు పట్టేదని ఆయనే రాసుకున్నారు. 1841లో క్రమం మార్చారు. ముందు వాక్యం చదివి ధ్యానించడం, ఆ ధ్యానంలోంచి పుట్టిన ప్రార్థన చేయడం. సంభాషణలో మొదటి మాట దేవునిది అయితే రెండవ మాట మనకు సులువవుతుంది. సమూయేలు చేసిందీ అదే. ముందు పిలుపు, తర్వాత జవాబు.

వాక్యంలోంచి ప్రార్థన ఎలా పుడుతుంది? 1535లో మార్టిన్ లూథర్ తన మంగలి పీటర్ కోసం ప్రార్థన గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. వేదాంత పండితుడు ఒక మంగలికి ప్రార్థన నేర్పడమే ఒక పాఠం. క్షురకుడు కత్తి మీద మనసు పెట్టకుండా కబుర్లలో పడితే ఎదుటివాని ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనలో కూడా మనసు అలాగే నిలవాలి అని అందులో చెప్పారు. ఒక వాక్యభాగాన్ని తీసుకుని నాలుగు పేటల దండగా అల్లమన్నారు: ఇందులో దేవుడు నాకు ఏం నేర్పుతున్నాడు, దేనికి స్తోత్రం చెల్లించాలి, ఏ పాపం ఒప్పుకోవాలి, ఏమి అడగాలి.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదిన ఆహారం కోసం వేడుకొనే మాటను తీసుకుందాం. మొదటి పేట: తిండి దేవుని చేతిలోనిది, అది ఏ రోజుకారోజు ఆయన ఇచ్చేది. రెండవ పేట: పోయినేడు వాన మొహం చాటేసినా ఈ ఏడు కూడా పిల్లలు పస్తు పడుకోలేదు, స్తోత్రం. మూడవ పేట: ఆయన మాకు అని అడగమన్నాడు, నేను నాకే దాచుకున్నాను, పక్కింటి విధవరాలి పొయ్యి వెలిగిందో లేదో చూడలేదు, క్షమించు. నాలుగవ పేట: ఈ రోజు కూలి దొరికేలా చెయ్యి, దొరకని వాడికి పెట్టే మనసు ఇవ్వు. ఒక్క మాటతో పది నిమిషాల ప్రార్థన అయింది. ఇందులో పండితులకే తెలిసింది ఏమీ లేదు.

చదవడానికి ఒక లెక్క చెబుతాము. నాలుగు సువార్తల్లో కలిపి 89 అధ్యాయాలు. రోజుకు ఒకటి చొప్పున మూడు నెలలు. సరిగ్గా ఒక మిరప కోతల కాలం. అది కష్టమనుకుంటే మార్కు సువార్త 16 అధ్యాయాలు, 16 రోజులు. చదువు రానివారికి ఫోన్‌లో తెలుగు ఆడియో బైబిలు ఉంది. గుడిసెలో ఒక్కరి ఫోన్ చాలు, పదిమంది వినవచ్చు. వాగ్దాన వచనం పంపిన వారిని మేము తప్పుపట్టము. అయితే ఒక వచనాన్ని చూసి పది మందికి పంపడం భోజనం కాదు. వడ్డించిన విస్తరిని ఫోటో తీసి పంపితే ఎవరి ఆకలీ తీరదు.

గది లేనివారి గది

నీ గదిలోకి వెళ్లి తలుపు వేసి రహస్యమందున్న తండ్రికి ప్రార్థించమని ప్రభువు నేర్పాడు (మత్తయి 6:6). "మాకు ఉన్నది ఒకటే గది అయ్యగారూ" అంటారు మన జనం. ప్రభువు ఈ మాట చెప్పింది కూడా అలాంటి జనానికే. మూలభాషలో ఆ పదం ధాన్యం, సామాను దాచుకునే లోపలి గదిని సూచిస్తుంది. గలిలయ పల్లెలో తలుపు మూయగలిగిన చోటు అదొక్కటే. చోటు గొప్పది కానక్కరలేదు, చూసేవారు లేకపోతే చాలు. ప్రభువుకు సొంత గదే లేదు. పేతురు ఇంట జనం గుమ్మం దాకా కిక్కిరిసిన మరునాడు, ఆయన ఇంకా చీకటి ఉండగానే లేచి నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు (మార్కు 1:33-35). మనకు అది పశువుల కొట్టం కావచ్చు, మిద్దె మీద కావచ్చు, బోరు దగ్గర కరెంటు కోసం కాచుకునే రాత్రి కావచ్చు.

ఉగాదికి ముందు కన్నడ నాటి యాత్రికులు మా ఆత్మకూరు మీదుగా నల్లమల అడవి దారిలో శ్రీశైలానికి నడిచి వెళ్తారు. కాళ్లు బొబ్బలెక్కినా ఆగరు. వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కానీ ఆ నడక చూసినప్పుడల్లా మాకు సిగ్గేస్తుంది. మన దేవుడు తానే మన దగ్గరికి వచ్చాడని ప్రకటిస్తాము. ఆయన ముందు పావుగంట కూర్చోవడానికి మనకు తీరిక లేదు.

పని ఒత్తిడి నిజమే. నాలుగింటికి లేచి వంట చేసి, ఆరింటికి చేనికి వెళ్లే తల్లికి గంటసేపు ఏకాంతం దొరకదు. అలాంటివారికి ప్యారిస్ నగరంలో ఒక మఠం వంటింట్లో చాలా ఏళ్లు పని చేసిన సహోదరుడు లారెన్స్ (మరణం 1691) మంచి తోడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిని తలచుకుంటూ, చిన్న చిన్న మాటలతో ఆయనతో మాట్లాడడం అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు వెంటనే రాలేదు, మొదట్లో మనసు మాటిమాటికీ పక్కకు పోయేది. ప్రతిసారీ నొచ్చుకోకుండా మళ్లీ తిరిగి వచ్చేవారు. మిరపకాయ కోసే చేతికి కూడా ఇది సాధ్యమే. ఉదయం పది నిమిషాలు వాక్యానికి, పగలంతా చిన్న మాటలు, రాత్రి పడుకునే ముందు ఆ రోజును ఆయన ముందు పెట్టడం. ఇంతే.

దేవుడు మౌనంగా ఉన్నప్పుడు

ఇంత చేసినా ఏమీ వినిపించని రోజులు వస్తాయి. ఈ సంగతి చెప్పకుండా ముగిస్తే మేము మీకు అన్యాయం చేసినట్టే. సమూయేలు కాలంలో కూడా యెహోవా వాక్కు అరుదుగా ఉండేదని ఆ అధ్యాయం మొదటి వచనమే చెబుతుంది. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. ఆ కీర్తన గ్రంథంలో ఉండడమే మనకు ధైర్యం. జవాబు రాని ప్రార్థన కూడా దేవుని సన్నిధిలో చేసిన ప్రార్థనే.

ఎండిన నేల దాహం గురించి దావీదు 63వ కీర్తనలో చెప్పినది మన సీమవాసులకు వ్యాఖ్యానం లేకుండా అర్థమవుతుంది. ఇక్కడ రైతు అయిదు వందల అడుగులు వేసినా దుమ్మే లేస్తుంటే ఎన్ని రాత్రులు బోరుబండి పక్కన నిలబడ్డాడో మనకు తెలుసు. అయితే బోరుకూ ప్రార్థనకూ ఒక తేడా ఉంది. బోరులో నీరు ఉందో లేదో తెలియదు. ప్రార్థనలో తండ్రి ఉన్నాడని క్రీస్తు సిలువ రుజువు చేసింది. ఆయన కూడా విడువబడిన వేదనతో కేకవేశాడు, మూడవ దినాన తండ్రి ఆయనను లేపాడు. మౌనం తండ్రి లేడనడానికి గుర్తు కాదు. ఆరిపోయిన అనుభూతిని వెదకడం మాని, రోజూ అదే చోట అదే వేళకు కూర్చోండి. నమ్మకంగా కూర్చోవడమే విశ్వాసం.

వ్యక్తిగతం అంటే ఒంటరితనం కాదు

ఇదంతా చదివి ఎవరైనా "ఇక సంఘమెందుకు, నాకూ దేవునికీ మధ్య ఎవరూ వద్దు" అనుకుంటే మా మాట తప్పుగా వినిపించినట్టే. సమాజంగా కూడుట మానవద్దని హెబ్రీ పత్రిక హెచ్చరించింది (10:25). సమూయేలు దేవుని స్వరం విన్న మర్నాడు కూడా మందిరపు తలుపులు తీశాడు (3:15). ఏలీ అడిగితే విన్నదంతా దాచకుండా చెప్పాడు. స్వయంగా విన్నవాడు సంఘ పరిచర్యను వదిలి పోడు, దానికి మరింత పనికివస్తాడు.

ఈ సంబంధం నిజమైనదో కాదో తెలిసేది కూడా ఇతరుల మధ్యనే. కనబడే సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనబడని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను రాశాడు (1 యోహాను 4:20). ఉదయం గంటసేపు కన్నీళ్లతో ప్రార్థించి, సాయంత్రం కోడలి కట్నం లెక్క తీసే నోరు ఎవరితో మాట్లాడినట్టు? ప్రభువు బల్ల దగ్గర కూడా ఇది మాలపల్లె సంఘం, అది మాదిగపల్లె సంఘం అని లెక్కచూసే మనసు ఏ తండ్రిని ఎరిగినట్టు? గదిలో తలుపు వేసుకుని చేసిన ప్రార్థన, తలుపు తీసిన తర్వాత నడతలో కనబడాలి.

తోటి కాపరులకు ఒక మాట

కోతలకు బండ్లు కదిలే ముందు ఆదివారం మనం సాధారణంగా అందరినీ నిలబెట్టి ఆశీర్వాద ప్రార్థన చేసి పంపుతాము. అది మానవద్దు. దానితోపాటు ఏలీ చేసిన పని కూడా చేద్దాం. ఒక్కొక్క కుటుంబం చేత నోరు తెరిపించి ఒక్క వాక్యమైనా ప్రార్థన చేయించండి. తడబడితే తడబడనివ్వండి. మార్కు సువార్త ప్రతి ఒక్కటి చేతిలో పెట్టండి, లేదా ఫోన్‌లో ఆడియో ఎలా పెట్టుకోవాలో చూపించండి. ఒకే చేనికి వెళ్లే నాలుగు కుటుంబాలను కలిపి, రాత్రి పది నిమిషాలు కూర్చోమనండి. ఎవరైనా ఫోన్ చేసి ప్రార్థన కోరితే తప్పక చేయండి. ముగించే ముందు "ఇప్పుడు నువ్వు చెయ్యి, నేను ఆమేన్ అంటాను" అనండి. మన అవసరం తగ్గుతుందేమో అనే భయం వద్దు. బిడ్డ తానే నడిస్తే తండ్రికి నష్టమేముంది?

ఆ రాత్రి మేము ఆ సహోదరితో ఇదే అన్నాము. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నాయనా, బిడ్డను సూడు" అంది. అంతే. మేము ఆమేన్ అన్నాము. మర్నాడు ఆసుపత్రిలో మందులిచ్చారు, బిడ్డ కోలుకున్నాడు. ఆ కోతలు ముగించుకుని ఊరికి వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆగి చెప్పింది: "అయ్యగారూ, మళ్లీ ఒకసారి కష్టమొచ్చింది. మీకు ఫోన్ సేయలేదు. ఆయనకే సెప్పుకున్నా."

మా ముప్పై ఏళ్ల పరిచర్యలో మాకు దక్కిన గొప్ప మెప్పుల్లో అది ఒకటి.

ప్రియ పాఠకులారా, ఈ రాత్రి పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టి, ఒక్క వాక్యమైనా మీ సొంత మాటల్లో మీ తండ్రితో చెప్పండి. ఎవరి నోటితోనో కాదు, మీ నోటితో. మీ మాట ఎంత చిన్నదైనా వినడానికి ఆయన మీ పేరు ఎరిగి మీ దగ్గర నిలిచి ఉన్నాడు. ఆయన కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.